పార్కు వాళ్ళకి హోటలెందుకు, షిప్పెందుకు? మా ఆఫీసులో రోజూ అడిగే ప్రశ్నలు

డాబాగార్డెన్స్‌లో మాది చిన్న ట్రావెల్స్ ఆఫీసు, ఒక టేబులు, రెండు కుర్చీలు, ఎప్పుడు చూసినా ఇంకు అయిపోయే ఒక ప్రింటరు. ఒకప్పుడు ఎండాకాలం సెలవులంటే అరకు, తిరుపతి, మహా అయితే ఊటీ అడిగేవాళ్ళు. ఇప్పుడు అరకు బస్సుకి సీట్లడగడానికొచ్చిన ఆయన కూడా కుర్చీలో సెటిలై, ఆ డిస్నీ షిప్పు సంగతేటండీ, వాళ్ళు బొమ్మల సినిమాలు తీసేవాళ్ళు కదా వాళ్ళకి షిప్పెందుకు అని మొదలెడుతున్నాడు. చెప్పీ చెప్పీ గొంతు ఆరిపోతోంది, అందుకే అడిగినవి అడిగినట్టే రాసి కింద జవాబులు పెట్టేశా. ఆర్డర్ ఏమీ లేదు, గుర్తొచ్చినట్టు రాశా.

అసలు డిస్నీ లాంటి రైడ్ల పార్కులు నడుపుకునేవాళ్ళకి హోటళ్ళు, షిప్పులు ఎందుకండీ?

మన ఊరే చూడండి. దసరా సెలవులకి ఒడిశా, బెంగాల్ నుంచి టూరిస్టులొస్తారు, కైలాసగిరి ఎక్కి రోప్‌వేకి ఒక టికెట్టు, టాయ్ ట్రైన్‌కి ఒక టికెట్టు తీసుకుంటారు. వాళ్ళు వైజాగ్‌లో పెట్టే ఖర్చులో అదెంత? రాత్రి లాడ్జి, పొద్దున్న టిఫిను, రోజంతా ఆటో, సాయంత్రం బీచ్ రోడ్డులో బజ్జీలు, జగదాంబలో బట్టలు, అసలు డబ్బంతా అక్కడే పోతుంది. పార్కు కంపెనీల కడుపుమంట కూడా ఇదే. కోట్లు పోసి రైడ్లు కట్టేదీ వాళ్ళే, ఎక్కడెక్కడి జనాన్నో రప్పించేదీ వాళ్ళే, తీరా సాయంత్రం గేటు మూశాక ఆ జనం మీద సంపాదించేది రోడ్డవతల లాడ్జివాడు. సొంత హోటలుంటే ఆ రాత్రీ, మర్నాటి టిఫినూ కూడా వాళ్ళ ఖాతాలోకే. షిప్పైతే మరీను, నడిసముద్రంలో పక్కన ఇంకొకడి ఇడ్లీ బండి ఉండదు కదా. రైడ్ల గొప్పలు ఎన్ని చెప్పినా వాళ్ళు లోపల లెక్కేసుకునేది మనం వాళ్ళ గేటు లోపల ఎన్ని గంటలున్నామనే, ఇది గుర్తుపెట్టుకుంటే కింద రాసినవన్నీ ఈజీగా అర్థమైపోతాయి.

ఇది డిస్నీ వాళ్ళ ఐడియానా?

కాదు. అమెరికాలో ఒహాయో రాష్ట్రంలో సీడార్ పాయింట్ అని లేక్ ఒడ్డున పాత పార్కు ఉంది, అక్కడ హోటల్ బ్రేకర్స్ 1905లోనే తెరిచారు. డిస్నీకి ఈ పాఠం అర్థమైంది 1955లో, అదీ దెబ్బ తిన్నాక. ఆ ఏడు జులై 17న కాలిఫోర్నియా రాష్ట్రంలోని అనహైమ్‌లో డిస్నీల్యాండ్ తెరిచేసరికి వాల్ట్ డిస్నీ చేతిలో డబ్బంతా అయిపోయింది, హోటల్ కట్టే స్తోమత లేదు. జాక్ రేథర్ అని ఒక టీవీ ప్రొడ్యూసర్ ముందుకొస్తే నువ్వు కట్టుకో పేరు మాత్రం డిస్నీల్యాండ్ హోటల్ అని పెట్టుకో అని ఒప్పుకున్నారు. పార్కు సూపర్‌హిట్, చుట్టూ మోటెళ్ళు (రోడ్డు పక్క లాడ్జిలు) పుట్టగొడుగుల్లా లేచాయి, లాభం పక్కోళ్ళకి. సొంత పేరున్న ఆ హోటల్ చేతికి రావడానికి 1988 దాకా ఆగి, ఆ రేథర్ కంపెనీనే మొత్తంగా కొనుక్కోవాల్సొచ్చింది.

ఇందులో ఒక తమాషా ఉంది. ఆ కంపెనీతో పాటు లాంగ్ బీచ్‌లో హోటల్‌గా మార్చి కట్టేసి ఉంచిన క్వీన్ మేరీ అనే పాత ఓడ నిర్వహణ కూడా డిస్నీ మెడకి చుట్టుకుంది, 1992లో వదిలించుకున్నారు. మన తెన్నేటి పార్కు దగ్గర 2020 అక్టోబర్‌లో వాయుగుండానికి కొట్టుకొచ్చి ఇసకలో కూరుకుపోయిన బంగ్లాదేశ్ షిప్పు గుర్తుందా, ఎంవీ మా? దాన్ని కూడా రెస్టారెంట్ చేద్దాం అన్నారు కదా. ఊరంతా వెళ్ళి సెల్ఫీలు దిగాం. పాత ఓడని హోటల్ చెయ్యడం వినడానికి బాగుంటుంది, తుప్పు ఖర్చు మాత్రం చూసినవాళ్ళకే తెలుస్తుంది.

మరి ఫ్లోరిడాలో అంత భూమి ఎందుకు కొన్నారు?

పైన చెప్పిన మంటతోనే. ఈసారి చుట్టుపక్కల ఒక్క మోటెల్ కూడా రాకూడదని వేరే వేరే పేర్ల మీద డమ్మీ కంపెనీలు పెట్టి 1964, 65ల్లో గుట్టుచప్పుడు కాకుండా 27,000 ఎకరాల పైన కొనేశారు. మనకి అంచనా కావాలంటే రామోజీ ఫిల్మ్ సిటీ 1,666 ఎకరాలంటారు, అలాంటివి పదహారు అన్నమాట. కొంటున్నది ఎవరో పేపర్లో పడగానే మిగిలిన ఎకరాల రేటు ఒక్కసారి ఎగిరిపోయింది, భోగాపురం ఎయిర్‌పోర్ట్ అనగానే అటువైపు ఏం జరిగిందో చూసినవాళ్ళకి నేను విడిగా చెప్పక్కర్లేదు. 1971 అక్టోబర్ 1న పార్కు తెరిచారు, ఈసారి పార్కుతో పాటే కాంటెంపరరీ, పాలినేషియన్ అని రెండు సొంత హోటళ్ళు. కాంటెంపరరీలో అయితే మోనోరైలు సరాసరి హోటల్ బిల్డింగ్ లోపలి నుంచే పోతుంది, గది నుంచి దిగి ట్రైనెక్కి పార్కులో దిగడమే, బయటి రోడ్డు మొహం చూసే అవసరం రాదు.

వాళ్ళ హోటల్లోనే దిగితే మనకేమైనా ఉపయోగమా, లేక బయట చవగ్గా దిగిపోవచ్చా?

ఉపయోగం ఉంది, ఉండేలా వాళ్ళే చేసుకున్నారు. ఫ్లోరిడా డిస్నీలో వాళ్ళ హోటల్ గెస్టుల్ని అందరికన్నా అరగంట ముందు పార్కులోకి వదులుతారు, ఆ అరగంటలో రెండు పెద్ద రైడ్లు అయిపోతాయి. అక్కడే ఓర్లాండో ఊళ్ళో డిస్నీకి పోటీ పార్కులు నడిపే యూనివర్సల్ వాళ్ళు లోవ్స్ అనే హోటల్ కంపెనీతో కలిసి కట్టారు, పోర్టోఫినో బే, హార్డ్ రాక్, రాయల్ పసిఫిక్, ఈ మూడింట్లో దిగితే క్యూ తప్పించే ఎక్స్‌ప్రెస్ పాస్ రూమ్ రేటులోనే వస్తుంది (2025 మేలో కొత్తగా తెరిచిన ఎపిక్ యూనివర్స్ పార్కుకి అది పనిచెయ్యదు, ఇది చాలామంది ఏజెంట్లు చెప్పరు). నలుగురున్న ఫ్యామిలీకి విడిగా ఆ పాసులు కొంటే ఎంతవుతుందో లెక్కేసి, ఒక్కరాత్రి రూమ్ రేటుతో పోల్చండి, కొన్నిసార్లు ఆ ఖరీదైన రూమే చవగ్గా తేలుతుంది. ఒకటే రోజు పార్కు చూసేవాళ్ళయితే మాత్రం బయట దిగండి.

ఈ హోటళ్ళ పిచ్చితో ఎప్పుడైనా చేతులు కాల్చుకున్నారా?

గట్టిగానే కాల్చుకున్నారు. 1992 ఏప్రిల్ 12న ప్యారిస్ దగ్గర యూరో డిస్నీ తెరిచారు, మొదటి రోజు నుంచే 5,000 పైన గదులు రెడీ. అంటే ఫ్లోరిడాలో మెల్లగా ఇరవయ్యేళ్ళలో చేసింది ఇక్కడ ఒకేసారి చేసేశారు, అదీ అప్పు తెచ్చి. ఫ్లోరిడాకి వెళ్ళేవాడు విమానమెక్కి పోతాడు కాబట్టి నాలుగైదు రోజులు ఉంటాడు, ప్యారిస్ పక్కన పార్కుకి జనం పొద్దున్న ట్రైన్లో వచ్చి రాత్రి ట్రైన్లో ఇంటికెళ్ళిపోయారు. విజయనగరం వాళ్ళు వైజాగ్ వచ్చి రూమ్ తీసుకుంటారా చెప్పండి? దానికి తోడు పార్కులో వైన్ అమ్మం అన్నారు, ఫ్రాన్స్‌లో! 1993లో ఆ రూలు తీసేశారు. ఫ్రెంచివాళ్ళు పొద్దున్న పెద్దగా తినరులే అని చిన్న చిన్న హాళ్ళు కట్టారు, టిఫిను దగ్గర చాంతాడంత లైన్లు. 1994కి అప్పులు పీకల మీదకొస్తే బ్యాంకులు వడ్డీలు తగ్గించి, సౌదీ ప్రిన్స్ అల్ వలీద్ డబ్బు పెట్టి గట్టెక్కించారు.

ఇంకొకటి మరీ విచిత్రం. 2022 మార్చిలో ఫ్లోరిడాలో గెలాక్టిక్ స్టార్‌క్రూజర్ అని తెరిచారు, అది నేల మీదున్న హోటలే గానీ క్రూజ్ (షికారు షిప్పు) లాగా అందరూ ఒకే రోజు ఎక్కాలి, రెండు రాత్రులుండి ఒకే రోజు దిగాలి, 100 గదులు, ఒక్కదానికీ కిటికీ ఉండదు, కిటికీ బదులు అంతరిక్షం చూపించే స్క్రీను. స్టార్ వార్స్ కథలో మనం కూడా పాత్ర అన్నమాట. ఇద్దరికి సుమారు 4,800 డాలర్ల నుంచి మొదలు. వెళ్ళినవాళ్ళు అద్భుతం అన్నారు, కానీ అంత పెట్టి వెళ్ళేవాళ్ళు ఎంతమంది? 2023 సెప్టెంబర్ చివర్లో మూసేశారు. నాకు నిజంగా జాలేసింది, చూసే అదృష్టం లేదు నాకు.

షిప్పుల్లోకి ఎప్పుడు దిగారు?

మొదట సొంతం కాదు. 1985 నుంచి ప్రీమియర్ అనే క్రూజ్ కంపెనీకి తమ బొమ్మల పేర్లు, వేషాలు వాడుకోమని లైసెన్స్ ఇచ్చారు, ఎర్ర రంగు ఓడ, రెండు మూడు రోజులు సముద్రం, మిగతా రోజులు పార్కు, అలా ప్యాకేజీ. ఓడ దిగి పార్కుకొచ్చేవాళ్ళ లెక్క చూసుకున్నాక ఇది మనమే ఎందుకు చెయ్యకూడదు అనిపించింది. ఇటలీలో డిస్నీ మ్యాజిక్ అనే షిప్పు కట్టించి 1998 జులై 30న బయల్దేరదీశారు. మరుసటేడు వండర్, తర్వాత పదేళ్ళకి పైగా ఇంకోటి లేదు, 2011లో డ్రీమ్, 2012లో ఫాంటసీ, మళ్ళీ గ్యాప్, 2022లో విష్, 2024 చివర్లో ట్రెజర్, 2025 నవంబర్లో డెస్టినీ. 2023 సెప్టెంబర్లో అయితే పదేళ్ళలో పార్కులు, షిప్పుల మీద 60 బిలియన్ డాలర్లు పెడతామని ప్రకటించారు. జపాన్‌లో టోక్యో డిస్నీ నడిపే ఓరియంటల్ ల్యాండ్ కంపెనీ కూడా ఒక షిప్పుకి ఆర్డరిచ్చింది.

మొదటి షిప్పుతో పాటే బహామాస్‌లో ఒక చిన్న దీవి కూడా తీసుకున్నారు, క్యాస్టవే కే అని పేరు పెట్టి. ఓడ ఆగితే జనం దిగి ఊళ్ళో ఖర్చుపెడతారు కదా, ఆ ఊరు కూడా తమదే అయిపోతే సరి!

అమెరికా కంపెనీ కదా, షిప్పుల మీద బహామాస్ జెండా ఎందుకు?

భలే అడిగారు, మర్చంట్ నేవీలో చేసే మా కస్టమర్ ఒకాయన నాకు చెప్పింది ఇది. అక్కడ రిజిస్టర్ చేస్తే పన్నులు తక్కువ, ఏ దేశం వాళ్ళనైనా పనిలో పెట్టుకోవచ్చు. కానీ అమెరికాలో 1886 నాటి చట్టం ఒకటుంది, విదేశీ జెండా ఉన్న ఓడ అమెరికా పోర్టులో జనాన్ని ఎక్కించుకుని మధ్యలో ఏ విదేశానికీ వెళ్ళకుండా తిప్పడానికి వీల్లేదు. అందుకే ఫ్లోరిడా నుంచి బయల్దేరిన ప్రతి ఓడా ఎక్కడో ఒక విదేశీ రేవు ముట్టుకుని రావాలి, దగ్గర్లో ఉన్నది బహామాస్. ఆ దీవి వెనక ఈ లెక్క కూడా ఉంది.

తుఫానొస్తే?

2014 అక్టోబర్ 12 మనం మర్చిపోతామా, హుద్‌హుద్ రోజు బీచ్ రోడ్డు హోటళ్ళ అద్దాలు ఒక్కటి మిగల్లేదు. హోటల్‌ని, పార్కుని లేపి పక్కన పెట్టలేం. షిప్పుని పెట్టొచ్చు, తుఫాను అటుంటే ఓడ ఇటు పోతుంది, ఒక పోర్టు మానేసి ఇంకో పోర్టుకి తీసుకెళ్తారు. అలా మార్చినందుకు టికెట్ డబ్బు వాపస్ రాదు, కండిషన్లలో రాసే ఉంటుంది, చదవండి. పార్కు కంపెనీలకి షిప్పు నచ్చడానికి ఇదీ ఒక కారణమే, ఎండాకాలం ఒక సముద్రం చలికాలం ఇంకో సముద్రం, డిమాండ్ ఎక్కడుంటే అక్కడికి తోలుకుపోవచ్చు. కాకపోతే 2020లో కరోనా వచ్చినప్పుడు అదే షిప్పులు ఏడాది పైన ఖాళీగా నిలబడ్డాయి, పార్కులు ముందు తెరుచుకున్నాయి.

సింగపూర్ డిస్నీ షిప్పు అంటున్నారు, అదేంటి?

దాని పేరు డిస్నీ అడ్వెంచర్. దీని పుట్టుక కథ నాకు భలే ఇష్టం. మలేషియాలో కొండ మీద హోటలు, కేసినో, పార్కు పెట్టి పైకొచ్చిన గెంటింగ్ గ్రూపు కూడా ఇదే దారిలో 1993లో షిప్పుల్లోకి దిగింది, హాంకాంగ్ కంపెనీ పెట్టి, చివరికి జర్మనీలో షిప్‌యార్డులే కొని గ్లోబల్ డ్రీమ్ అని 9,000 మందిని ఎక్కించే ఓడ మొదలెట్టింది. కరోనా దెబ్బకి 2022 జనవరిలో ఆ హాంకాంగ్ కంపెనీ చేతులెత్తేసింది, ఓడ సగంలో ఆగిపోయింది. అదే ఏడాది డిస్నీ దాన్ని కొనేసి, లోపలంతా తమ స్టైల్లో మార్పించి, జనాన్ని సుమారు 6,700కి తగ్గించుకుంది. పైన డెక్ మీద రోలర్ కోస్టర్ కూడా ఉంది. మొదటి ట్రిప్పు 2025 డిసెంబర్ అన్నది 2026 మార్చికి జరిగింది, ముందే బుక్ చేసుకున్నవాళ్ళు చాలా తిట్టుకున్నారు.

ట్రిప్పు మూడు రాత్రులు లేదా నాలుగు రాత్రులు, సింగపూర్లో ఎక్కి సింగపూర్లోనే దిగుతారు, మధ్యలో ఇంకే ఊళ్ళోనూ ఆగదు. మరి మేం ఏ దేశం చూస్తాం అని అడక్కండి, ఓడే దేశం.

వైజాగ్ నుంచి దానికెలా వెళ్ళాలి?

మనకి సింగపూర్‌కి స్కూట్ డైరెక్ట్ ఫ్లైటుంది, నాలుగు గంటలు, హైదరాబాదు పోయి పడిగాపులు పడక్కర్లేదు. ఒకరోజు ముందే చేరండి, అదే రోజు దిగి షిప్పెక్కుదామనుకుంటే ఫ్లైట్ లేటయితే ఓడ మీ కోసం ఆగదు. సింగపూర్ వీసా కావాలి, షిప్పు తిరిగొచ్చాక మళ్ళీ ఇమిగ్రేషన్ దాటాలి కాబట్టి అది మల్టిపుల్ ఎంట్రీనా కాదా చూసుకోండి. ఇంకోటి, మన తెలుగువాళ్ళ పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండటం మామూలే, ఒక్కోళ్ళకి ఫ్లైట్ టికెట్లో ఒకలా షిప్పు బుకింగ్‌లో ఇంకోలా పేరు పడుతుంది, దయచేసి అన్నిట్లోనూ పాస్‌పోర్టులో ఉన్నట్టే ఇవ్వండి. ఈ పేర్ల గొడవతో నేను పడ్డన్ని తిప్పలు పగవాడికి కూడా వద్దు.

టికెట్లో అన్నీ కలిసే ఉంటాయా? వెజ్ దొరుకుతుందా?

రూము, మూడు పూటలా భోజనం, షోలు, స్లైడ్లు కలిసే ఉంటాయి. వైఫై, మందు, స్పా విడిగా. టిప్పులు మనిషికి రోజుకి ఇంత అని ఉంటాయి, అది చివర్లో బిల్లులో చూసి మొహం మాడ్చుకోకండి, ముందే లెక్కలో వేసుకోండి. పోయినేడు ఒక పెద్దాయన వేరే ఊరి ఏజెంటు దగ్గర ఒక క్రూజ్ బుక్ చేసుకుని, అన్నీ ఇందులోనే సార్ అంటే నమ్మి వెళ్ళి, నలుగురికి టిప్పులు, వైఫై కలిపి చేతి చమురు వదిలించుకుని వచ్చి నా దగ్గర ఏడ్చాడు. వెజ్, జైన్ భోజనం బుకింగ్ టైములోనే చెబితే చేస్తారు. ఆవకాయ పట్టుకెళ్ళనిస్తారా అని అందరూ అడుగుతారు, ఇంట్లో చేసిన వంటకాల్ని డిస్నీ షిప్పులోకి రానివ్వరు, సీల్ వేసిన ప్యాకెట్లే. డిస్నీ షిప్పుల్లో కేసినో ఉండదు, పిల్లలున్నవాళ్ళకి అది మంచిదే.

వాంతులవుతాయేమో?

మన పోర్టు నుంచి పోర్ట్‌బ్లెయిర్ షిప్పులో రెండున్నర రోజులు బంకు మీద పడుకుని వెళ్ళొచ్చినవాళ్ళు ఈ ప్రశ్న అడగరు. పెద్ద క్రూజ్ షిప్పులకి ఊపు తగ్గించే స్టెబిలైజర్లుంటాయి. భయముంటే ఓడ మధ్యలో, కింది అంతస్తులో గది అడగండి, మాత్రల సంగతి డాక్టర్నడగండి.

2022లో మన పోర్టుకొచ్చిన కార్డీలియా కూడా పార్కు వాళ్ళదేనా?

కాదండీ, అది ఫక్తు క్రూజ్ కంపెనీ. ఆ ఎంప్రెస్ షిప్పు 1990లో రాయల్ కరీబియన్ వాళ్ళు కట్టించింది. 2022 జూన్‌లో ఇక్కడి నుంచి పుదుచ్చేరి, చెన్నై తిప్పారు, మా పిన్నీ వాళ్ళు వెళ్ళొచ్చి నెల్రోజులు అదే కబుర్లు. దేశంలోపల ట్రిప్పులకి పాస్‌పోర్టు అక్కర్లేదు, ఆధార్ లాంటి ఐడీ చాలు.

రాయల్ కరీబియన్ అంటే గుర్తొచ్చింది, వీళ్ళు రివర్సులో వస్తున్నారు. పార్కు వాళ్ళు ఓడలు కడుతుంటే ఓడల వాళ్ళు పార్కులు కడుతున్నారు. 2019లో బహామాస్‌లో తమ దీవిలో వాటర్ పార్కు పెట్టారు, 2024 జనవరిలో వచ్చిన ఐకాన్ ఆఫ్ ది సీస్ పైన ఆరు వాటర్ స్లైడ్లున్నాయి. ఇంకో పదేళ్ళకి ఎవరు పార్కు వాళ్ళో ఎవరు షిప్పు వాళ్ళో తెలీదు.

మన దేశంలో పార్కు వాళ్ళు ఎవరైనా ఇలా చేశారా?

షిప్పుల దాకా ఎవరూ పోలేదు, హోటళ్ళున్నాయి. 1996లో మొదలైన రామోజీ ఫిల్మ్ సిటీలో తార, సితార హోటళ్ళు అందరికీ తెలిసినవే, మన స్కూళ్ళ ఎక్స్‌కర్షన్లన్నీ అటే. వండర్‌లా వాళ్ళు 2000లో కొచ్చిలో వీగాల్యాండ్ పేరుతో మొదలెట్టి, బెంగళూరులో 2005లో పార్కు, పక్కనే 84 గదుల రిసార్టు పెట్టారు. హైదరాబాద్‌లో 2016లో, భువనేశ్వర్‌లో 2024లో పార్కులొచ్చాయి. మధ్యలో మనల్ని దాటేసి వెళ్ళిపోయారు చూడండి, భువనేశ్వర్‌కి మనకి ఒక రాత్రి ట్రైనే కదా. ముంబై, పుణె మధ్యలో ఇమేజికా 2013లో తెరిచి పక్కన నోవోటెల్ హోటల్ కూడా కట్టారు, అప్పుల్లో కూరుకుపోయి 2022లో మల్పానీ గ్రూపు చేతికెళ్ళింది. మనవాళ్ళు పార్కుకెళ్తే సాయంత్రానికి ఇల్లు చేరాలనుకుంటారు, రాత్రి ఉండేలా చెయ్యడమే ఇక్కడ కష్టం.

వైజాగ్‌కి పెద్ద షిప్పులొస్తాయా?

రేవు రెడీగా ఉంది. అవుటర్ హార్బర్లో 96 కోట్లతో కట్టిన క్రూజ్ టెర్మినల్‌ని 2023 సెప్టెంబర్ 4న ఓపెన్ చేశారు, 2,000 మంది ప్యాసింజర్లని చూసుకునేలా కట్టారు. ది వరల్డ్ అని, జనం సొంత ఫ్లాట్లు కొనుక్కుని అందులోనే కాపురముండే షిప్పు 2024 ఏప్రిల్లో వచ్చి ఆగింది. రేవు కడితే సరిపోదు కదా, దిగినవాడికి ఒక పూట చూపించడానికి ఏం పెట్టాం అన్నది ముఖ్యం. కురుసురా సబ్‌మెరైన్, సింహాచలం, తొట్లకొండ, ఇవి చాలు అంటాను నేను, బస్సు టైముకి వస్తే, బాత్‌రూమ్ శుభ్రంగా ఉంటే.

మావాడికి క్రూజ్ షిప్పులో ఉద్యోగం ఇప్పిస్తామంటున్నారు, డబ్బు కట్టమంటారా?

ఆగండి, ఒక్క రూపాయి కట్టకండి. మా అన్నయ్య కొడుకు విషయంలో ఇలాగే జరిగింది, ఒక ఏజెంటు ఆఫర్ లెటర్ చూపించి రెండు దఫాలుగా డబ్బు లాగాడు, ఫోను స్విచాఫ్. రూలేంటంటే షిప్పులకి మనుషుల్ని పంపే ఏజెంటుకి ఆర్‌పీఎస్‌ఎల్ లైసెన్సుండాలి, ఆ లిస్టు డీజీ షిప్పింగ్ (ఓడల వ్యవహారాలు చూసే కేంద్ర ప్రభుత్వ ఆఫీసు) వాళ్ళ సైట్లో ఎవరైనా చూసుకోవచ్చు, లైసెన్సున్నవాడు ఉద్యోగం కోసం కుర్రాడి దగ్గర ఫీజు తీసుకోకూడదు. మీకయ్యే ఖర్చంటే ఎస్‌టీసీడబ్ల్యూ అనే ఓడ ఉద్యోగుల సేఫ్టీ కోర్సులు, మెడికల్, సీడీసీ అనే ఓడ ఉద్యోగుల గుర్తింపు పుస్తకం, పాస్‌పోర్టు, ఇవే. వంట, హౌస్‌కీపింగ్, వెయిటర్ పనులైతే ముందు ఏదైనా మంచి హోటల్లో రెండేళ్ళు చేసి వెళ్తే ఇంటర్వ్యూలో నిలబడతాడు. ఆరు నుంచి తొమ్మిది నెలలు కాంట్రాక్టు, వారానికి ఏడు రోజులూ డ్యూటీ, మిక్కీ వేషం పక్కన ఫొటోలు బాగుంటాయి గానీ కింది డెక్కులో గది ఇద్దరికి ఒకటి. ఇది కుర్రాడికి కూడా చెప్పండి, ఒక్క అమ్మానాన్నలకే కాదు.

ఆదివారం ఆఫీసు తెరిచుంటుందా?

మధ్యాహ్నం ఒంటిగంట దాకా. వచ్చేటప్పుడు పాస్‌పోర్టు తెచ్చుకోండి, ఇంటిపేరు గడి నేనే చూస్తా.